హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ఊళ్ళల్లో తిరిగితే ఏం లేదు. హెడ్డు దింపాలంటున్నారు

రేవుగట్టు:
మాది అంబాజీపేట పక్కనండి. 2014 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా పాతిక వేలు తిరిగింది. అమలాపురం, కొత్తపేట అంటూ ఊళ్ళ మీద తిరిగినంతసేపు ముల్లు సగం దగ్గర కదలదు. రావులపాలెంలో హైవే ఎక్కి ఏసీ వేసుకుని 90లో పది నిమిషాలు పోతే చాలు, మెల్లగా పైకి పాకుతుంది. మొన్న అమ్మని రాజమండ్రి కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళ్తుంటే, జొన్నాడ దాటి వేమగిరి వచ్చేసరికి ఎర్ర గీతకి ఆనుకుంది. పక్కకి ఆపి పావుగంట ఆగితే దిగింది. కూలెంటు బాటిల్లో చూస్తే మినిమం గీత కింద ఉంది, టీ కొట్టాయన బిందెలో నీళ్ళు ఇస్తే పోశాను. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు ఇంటి బోరు నీళ్ళే పోశాను, ముందే చెప్పేస్తున్నా, తిట్టకండి. కింద ఎక్కడా చుక్క కారడం లేదు.

షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేసి, "హెడ్ గ్యాస్‌కెట్ పోయింది, హెడ్డు దింపి లేతుకి పంపాలి, పాతిక వేలు అవుతుంది" అన్నాడు. గ్యాస్‌కెట్ అంటే ఇంజను పైన ఉండే హెడ్డుకీ, కింద బ్లాకుకీ మధ్య ఉండే సీలు అట. రేడియేటర్ మూత కూడా తీసి చూడలేదు. నిజంగా అంతేనంటారా? నాకు టెన్షన్‌గా ఉంది, అమ్మకి వచ్చే వారం మళ్ళీ చెకప్ ఉంది.

షెడ్డుమావయ్య:
తణుకులో చాలా ఏళ్ళు షెడ్డు నడిపినవాడిని బాబూ, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ముందు ఎప్పుడు వేడెక్కుతోందో చూడాలి, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. ఊళ్ళో ఆగి ఆగి వెళ్తుంటే వేడెక్కి, హైవే మీద చల్లబడితే ఫ్యాను పని చెయ్యట్లేదన్నమాట. మోటారో, రిలేనో, ఫ్యూజో. నీది దానికి రివర్సు. ఫ్యాను చక్కగా తిరుగుతోంది కాబట్టే ఊళ్ళో ముల్లు కదలట్లేదు. 90లో ఇంజను పుట్టించే వేడి ఎక్కువ, దాన్ని దించాలంటే రేడియేటర్ మొత్తం పని చెయ్యాలి, అక్కడ చాలట్లేదు. రేడియేటర్లోంచి గాలన్నా సరిగ్గా పోవట్లేదు, నీళ్ళన్నా సరిగ్గా తిరగట్లేదు.

గ్యాస్‌కెట్ సన్నగా లీకవుతున్నా ముందు లోడు మీదే బయటపడుతుంది, అందుకని మీవాడు చెప్పింది తప్పని అనను, చూడకుండా చెప్పడం తప్పు. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే మూత తీసి స్టార్ట్ చెయ్యి. బుడగలు ఆగకుండా వస్తున్నాయా? మళ్ళీ ఇంకో చల్లటి స్టార్టింగ్‌కి మూత బిగించి చెయ్యి, నిమిషం రెండు నిమిషాల్లో పైన హోసు రాయిలా గట్టిపడిందా? ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందా? వెనకాల తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఇవేవీ లేకపోతే హెడ్డు జోలికి పోకు. ఆయిల్ మూత లోపల కొంచెం మీగడ లాంటిది కనబడితే మాత్రం కంగారుపడకు, రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే బళ్ళకి చెమ్మ పట్టి అలా వస్తుంది.

వేడి మీద మాత్రం ఎవడు చెప్పినా మూత తియ్యకు. ఆ మూత సుమారు ఒక బార్ ప్రెషర్ ఆపుతుంది, అందుకే లోపల 110 ఉన్నా మరగదు. మూత తిప్పావా, ఆ క్షణమే మరిగి మొహం మీదకి కొడుతుంది.

పాతబండి:
ఇదంతా ఎందుకండి, థర్మోస్టాట్ వాల్వు (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపేది) తీసి పారేయండి. మా నాన్నగారి జీపుకి ఇరవై ఏళ్ళ కిందట తీసేశాం, ఇప్పటిదాకా వేడెక్కిందే లేదు.

షెడ్డుమావయ్య:
పాత జీపు సంగతి వేరండి. ఈ ఇంజన్లలో చాలావాటికి వాల్వు తెరుచుకున్నప్పుడు అడ్డదారి కూడా మూసుకోవాలి. వాల్వే తీసేస్తే కొంత నీరు రేడియేటర్లోకి పోకుండానే తిరిగి ఇంజన్లోకి వచ్చేస్తుంది. పైగా డీజిల్ బండి సరిగ్గా వేడెక్కకపోతే మైలేజీ పోతుంది. వాల్వు మీద అనుమానముంటే విప్పి, దారం కట్టి, గిన్నెలో నీళ్ళల్లో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి, 80 దాటాక తెరుచుకోవాలి. గిన్నె ఇంట్లో వంట గిన్నె కాకుండా చూసుకోండి, మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

సముద్రగాలి:
మాది సఖినేటిపల్లి అండి, బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. గీజరు రాడ్డుకి ఎలా తెల్లగా పెచ్చు కడుతుందో రేడియేటర్ సన్న గొట్టాల్లో అలాగే కడుతుంది, తుప్పు అదనం. మీరు పోసింది మూడుసార్లే అయినా ముందు ఓనరు ఎన్నిసార్లు పోశాడో ఎవరికి తెలుసు. ఇంకోటి, ఇది దాళ్వా కోతలయ్యాక మొదలైందా? రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా, గడ్డి ట్రాక్టర్ల వెనకాల కూడా వెళ్తుంటాం. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది, ఎందుకంటే కనబడేది ఏసీ కండెన్సర్, రేడియేటర్ దాని వెనకాల ఉంటుంది. రెండిటి మధ్యలో టార్చి వేసి చూడండి.

రేవుగట్టు:
సముద్రగాలి గారూ, దండమండి. కోతలయ్యాకే మొదలైంది, నాకు తట్టనే లేదు.

పొద్దున్నే మావయ్య గారు చెప్పినవన్నీ చూశాను: బుడగలు లేవు, హోసు మెత్తగానే ఉంది, ఆయిల్ బాగుంది. తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి రేడియేటర్ పైన బోల్టులు రెండు విప్పి కొంచెం వెనక్కి వంచాడు. మధ్యలో పరుపు! తాలు, గడ్డి నలుసులు, పురుగులు, ఒక పావురం ఈక, అన్నీ అతుక్కుని కింద సగం మూసేశాయి. చేటెడు వచ్చింది. సర్వీసింగ్ గన్ను పెడితే రెక్కలు వంగిపోతాయని మామూలు పైపుతో ఇంజన్ వైపు నుంచి ముందుకి నెమ్మదిగా కడిగాం.

లోపలి నీళ్ళు దించితే వరదలకి గోదారి వచ్చినప్పుడు ఉండే ఎర్ర రంగు. బ్యాటరీ వాటర్ పోసి మూడుసార్లు ఫ్లష్ చేశాం, మూడోసారికి తేటగా వచ్చింది. కూలెంటు, బ్యాటరీ వాటర్ సగం సగం కలిపి పోసి, హీటరు ఫుల్లు పెట్టి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి గాలి తీశాం. వేసవిలో హీటరు చూసి అమ్మ నాకు పిచ్చెక్కిందనుకుంది. మూత రబ్బరు చీలి ఉంది, నీళ్ళు తగ్గింది ఆవిరై అందులోంచేనేమో, అది కూడా మార్చాను. అన్నీ కలిపి 1,900 అయింది. నిన్న ఏసీ వేసుకుని రాజమండ్రి వెళ్ళొచ్చాం, ముల్లు సగం దాటలేదు.

ఒక్క డౌటండి. ఈ రోజు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూస్తే లెవెలు వేలెడు తగ్గింది. మళ్ళీ ఏమైనా ఉందంటారా?

షెడ్డుమావయ్య:
మిగిలిన గాలి బయటికొచ్చి ఆ చోటు నిండుంటుంది. అదే మిశ్రమం మ్యాక్స్ దాకా పోసి, బాటిల్ మీద పెన్నుతో గీత పెట్టు. వారం పాటు పొద్దున్నే చూడు. గీత దగ్గరే ఉంటే సరే, రోజూ దిగుతుంటే మాత్రం ఇక్కడే రాయి, అప్పుడు గ్యాస్‌కెట్ సంగతి చూద్దాం. టీ కొట్టు బిందె నీళ్ళు టీకే వాడనివ్వు ఆయన్ని.