జైల్లో మగవాడిపై లైంగిక దాడి జరిగితే: ముందు మందు, ఆ వెంటనే కోర్టులో పిటిషన్

కృష్ణాతీరం: మా తమ్ముడికి 22 ఏళ్లు. కొట్లాట కేసులో రిమాండ్ మీద సెంట్రల్ జైల్లో ఉన్నాడు. మొన్న రాత్రి బ్యారక్‌లో ఇద్దరు పాత ఖైదీలు బలవంతం చేశారని ఇవాళ ములాఖత్‌లో చెప్పాడు. బయటపెడితే చంపేస్తామన్నారట. మగవాడి విషయంలో పోలీసులు ఏ సెక్షన్ రాస్తారు? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పల్లెడాక్టర్: సెక్షన్ల సంగతి తర్వాత చూడండి. మొన్న రాత్రి అంటే ఇప్పటికే 40 గంటలు అయ్యుంటాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పీఈపీ మందు 72 గంటల లోపే మొదలవ్వాలి. ఎంత ముందు పడితే అంత మంచిది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, 28 రోజులు. ప్రభుత్వ ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే విభాగం) ఉచితంగా దొరుకుతాయి. రక్తం తీసుకోవాలి కానీ రిపోర్టు వచ్చేదాకా మొదటి మాత్ర ఆపకూడదు. అవతలివాళ్లకి పరీక్ష చేయించి చూద్దాం అని అసలే ఆగకూడదు. మీ తమ్ముడికి పరీక్ష చేయాలన్నా అతని అంగీకారం ఉండాలి, 2017 హెచ్‌ఐవీ చట్టం అదే చెబుతోంది.

దీంతోపాటు హెపటైటిస్ బి టీకా, గాయం ఉంటే టీటీ, సిఫిలిస్ పరీక్ష, గనేరియా, క్లమీడియాకి మందు. గ్యాస్‌కి ఇచ్చే యాంటాసిడ్, ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రవిర్‌ని ఒంటబట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. జైలు ఆసుపత్రిలో అందరికీ ఒకేసారి గుప్పెట్లో పోసే అలవాటుంటే ఈ మాట గట్టిగా చెప్పించండి.

సిగ్గుపడి పైల్స్ అని చెప్పి ఆయింట్‌మెంట్ తెచ్చుకుంటే ఓపీ పుస్తకంలో పైల్స్ అనే ఉండిపోతుంది. రేపు కోర్టులో అవతలి వకీలు అదే చూపిస్తాడు. జరిగింది రెండు వాక్యాల్లో చెప్పినా చాలు. రక్తం ఆగకపోయినా, జ్వరమో కడుపునొప్పో వచ్చినా జైలు డాక్టర్ దగ్గర కాలయాపన వద్దు, పెద్దాసుపత్రికి పంపించమని అడగాలి.

జిల్లాకోర్టు వకీలు: డాక్టర్ గారు చెప్పింది జరగాలంటే కోర్టు ఉత్తర్వు ఉంటే తొందరగా అవుతుంది. రేపు పొద్దున్నే మీ అడ్వకేట్ చేత, రిమాండ్ చేసిన మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయించండి. అందులో నాలుగు అడగాలి. బయటి ప్రభుత్వ ఆసుపత్రిలో వెంటనే పరీక్ష, చికిత్స చేయించి, రిపోర్టు సీల్డ్ కవర్‌లో కోర్టుకి పంపడం. బ్యారక్ మార్పు. ఆ రాత్రి సీసీటీవీ ఫుటేజీ, లాకప్ రిజిస్టర్ చెరిగిపోకుండా భద్రపరచడం. అవసరమైతే వేరే జైలుకి మార్చడం. బ్యారక్ మార్పు అడిగేటప్పుడు ‘ఒంటరి సెల్‌లో కాకుండా’ అని తప్పకుండా రాయాలి. లేకపోతే రక్షణ పేరుతో ఇతన్నే ఒక్కణ్ని గదిలో పెట్టేస్తారు, శిక్ష పడింది ఫిర్యాదు చేసినవాడికే అవుతుంది.

అడ్వకేట్ లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలో సెక్షన్ 12 చెబుతోంది. సూపరింటెండెంట్‌కీ ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

వివరాలు ములాఖత్‌లో రాబట్టకండి. గ్రిల్ అవతల పక్కనే వాళ్ల మనుషులుండొచ్చు. ప్రిజన్స్ యాక్ట్ సెక్షన్ 40 ప్రకారం విచారణ ఖైదీ తన వకీలుతో మూడో మనిషి లేకుండా మాట్లాడొచ్చు. ఆ భేటీలోనే అన్నీ రాసుకోవాలి.

ఇక సెక్షన్లు. 2024 జులై 1కి ముందు జరిగుంటే ఐపీసీ 377 వేసేవాళ్లు. ఆ తేదీ నుంచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేర చట్టం బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) ఆ సెక్షన్ తీసేశారు, దాని చోట ఏమీ పెట్టలేదు. సెక్షన్ 63 అత్యాచారం బాధితురాలు స్త్రీ అయితేనే. కాబట్టి ‘నా మీద అఘాయిత్యం చేశారు’ అని ఒక్క లైను రాస్తే స్టేషన్‌లో కాగితం పక్కన పడేస్తారు. చేసిన పనులు విడివిడిగా రాయాలి. ‘బ్యారక్ చివర మరుగుదొడ్డిలోకి నెట్టి, ఒకడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు’ అంటే అక్రమ నిర్బంధం, 127(2). కొట్టడం 115(2), బ్లేడో చెంచా మొనో వాడితే 118(1), అవమానించాలని దౌర్జన్యం చేయడం 133, చంపుతామనడం 351(3). ఇవన్నీ ఎందుకంటే 115(2), 133 నాన్ కాగ్నిజబుల్, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనివి, వాటి మీదే అయితే పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టరు. 127, 118 కాగ్నిజబుల్. అలాంటిది ఒక్కటున్నా మొత్తం కేసు కాగ్నిజబుల్ కిందే లెక్క. జరగనిది మాత్రం ఒక్క ముక్క కలపొద్దు, దానితోనే కేసు పోతుంది.

ఇంకోటి. 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే, 117(2), ఏడేళ్ల వరకు శిక్ష. అందుకే జైలు ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ తేదీతో ఎంట్రీ పడేలా చూసుకోవాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌కి.

కృష్ణాతీరం: అతను స్నానం చేసేశాడట, లుంగీ ఉతికేశాడట. ఇంకో భయం కూడా ఉందండి. ముందు వారం వాళ్ల దగ్గర బీడీలు, క్యాంటీన్ సరుకులు తీసుకున్నాడు. ఇష్టపడే చేశాడంటారేమో.

పల్లెడాక్టర్: స్నానం చేసినా 96 గంటల వరకు స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీయొచ్చు, వెళ్లాల్సిందే. ఉతకని దుప్పటి, లోదుస్తులు ఏవైనా మిగిలుంటే నీడలో ఆరబెట్టి కాగితం కవర్‌లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకి బూజు పట్టి పనికిరాకుండా పోతాయి. గాయం కనబడలేదని రిపోర్టు వచ్చినా దాడి జరగలేదని అర్థం కాదు.

పాత పారాలీగల్: బీడీలు తీసుకోవడం ఒప్పుకోలు కాదు తమ్ముడూ. జైల్లో కొత్తవాడికి మొదట ఉచితంగా ఇస్తారు, పడుకోను చోటు చూపిస్తారు, వారం తిరిగేసరికి బాకీ అంటారు. చూడాల్సింది ఒక్కటే, వద్దంటే అతనికి ఏం జరిగేది? దెబ్బలో, బాకీ వసూలో, చోటు పోవడమో ఉంటే అది బలవంతమే. ఆ వస్తువుల సంగతి దాచకుండా ఫిర్యాదులో మీరే రాయండి, అవతలివాళ్లు బయటపెడితే పాడవుతుంది.

నిజంగా ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడితే అది వేరే సంగతి. 2018 సెప్టెంబరు 6 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అది నేరం కాదు. అయినా ప్రిజన్స్ యాక్ట్ సెక్షన్ 45లో ‘అసభ్య ప్రవర్తన’ జైలు నేరంగా ఉంది, శిక్షపడ్డ ఖైదీకి రెమిషన్ (శిక్షలో తగ్గింపు) కోయొచ్చు. దాడి ఫిర్యాదుని ‘ఇద్దరూ కలిసే’ అని ఈ ఖాతాలోకి తోసేసే ప్రమాదం ఉంది, చూసుకోండి. సిబ్బంది ఎవరైనా ఉంటే ఇష్టం అనే మాటే లేదు. వార్డర్ చేతిలో తాళంచెవి ఉంది.

అతనే రాయలేకపోతే తోటి ఖైదీ రాసినా చెల్లుతుంది. తిహార్‌లో హెడ్ వార్డర్ ఒక ఖైదీని లాఠీతో ఆ రకంగానే హింసిస్తే, మరో ఖైదీ సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 1979 తీర్పు అది. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని అందులోనే చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కీ పంపొచ్చు, కానీ ఏడాది దాటితే వాళ్లు తీసుకోరు.

‘బతకాలని లేదు’ లాంటి మాట అన్నాడా? అంటే ఈ రోజే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా వద్దు.

జిల్లాకోర్టు వకీలు: అత్యాచార బాధితుల పేరు దాచే సెక్షన్ 72 ఇతనికి వర్తించదు. పేరు కప్పి ఉంచమని పిటిషన్‌లోనే వేరుగా అడగాలి. బెయిల్ పిటిషన్ కూడా ఇప్పుడే కదిలించండి, ఈ దాడి అందులో బలమైన కారణమే.

పల్లెడాక్టర్: వాయిదాకి ఎస్కార్ట్‌తో వెళ్లే రోజు మాత్ర తప్పిపోతుంది. పొద్దున్న బండి ఎక్కకముందే వేయించండి. మధ్యలో బెయిల్ వస్తే మిగిలిన మాత్రలు, చీటీ చేతికిచ్చాకే గేటు దాటమనండి. తర్వాతి రక్తపరీక్షలు 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి.