సాయం నిధికి కార్డు రూలు పెట్టాలా, వద్దా?

రమణ, గోపాల్‌పూర్ రోడ్డు
అందరికీ నమస్కారం. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ ఒడిశా బరంపురంలో మన తెలుగు వీధివాళ్లం చందాలేసుకుని బియ్యం పంచాం కదా. ఆ నిధిలో ఇంకా 38,400 రూపాయలు మిగిలాయి. దానికి ఇప్పుడు రూల్స్ రాస్తున్నారు. మొదటి రూలే "ఆధార్, రేషన్ కార్డు ఉన్నవాళ్లకే సాయం" అని పెడదామంటున్నారు. నేను వద్దంటున్నాను.

ఎందుకో చెప్తాను. అమెరికాలో కాగితాలు లేని కుటుంబాలు కరోనాలో ఎలా బతికాయో నాకు దగ్గరగా తెలుసు. 2020 మార్చి 27న అక్కడ చట్టం చేసి మనిషికి 1,200 డాలర్ల దాకా ఇచ్చారు. సోషల్ సెక్యూరిటీ నంబర్ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) లేనివాళ్లకు పైసా ఇవ్వలేదు. వాళ్లలో వేరే నంబరు మీద పన్ను కట్టేవాళ్లు కూడా ఉన్నారు. భార్యకు నంబరుండి భర్తకు లేక, ఇద్దరూ కలిపి పన్ను లెక్క చూపిస్తే ఆమెకూ పోయింది. అది డిసెంబరులో గానీ సరిచెయ్యలేదు. కాలిఫోర్నియా మాత్రం ఇలాంటివాళ్లకు మనిషికి 500 డాలర్లు, ఇంటికి 1,000 మించకుండా ఇచ్చింది.

మిగతాదంతా వాళ్లలో వాళ్లే చూసుకున్నారు. న్యూయార్క్‌లో (వీధి పేరు తర్వాత తీసేశాను) ఒక బేస్‌మెంట్‌లో రెండు తెలుగు కుటుంబాలు, పై అంతస్తులో ఒక మెక్సికో కుటుంబం ఉండేవాళ్లు. హోటళ్లు మూసేస్తే మగవాళ్లందరికీ పని పోయింది. ఇళ్లు తుడిచే పని ఆ మెక్సికో ఆవిడకి ఒక్కదానికే మిగిలింది. ఆ డబ్బుతోనే మూడు కుటుంబాలకి సరుకులు. కింద ఒకతనికి జ్వరం వస్తే ఆవిడ మెట్ల మీద గిన్నె పెట్టి, తలుపు తట్టి పైకి వెళ్లిపోయేది. పదకొండు రోజులు పెట్టింది. ఆమె భాష వీళ్లకి రాదు, వీళ్ల భాష ఆమెకి రాదు.

లెక్కల మాష్టారు
రమణా, అమెరికా సంగతి అలా ఉంచు, మన పుస్తకం సంగతి చూడు. 25 కిలోల బస్తాలు 64 కొన్నాం. 53 బస్తాలకి సంతకాలున్నాయి, 11కి లేవు. ఆ 11 రైలు పట్టాల పక్క ఆరు కుటుంబాలకి వెళ్లాయని మీరంటారు. పుస్తకం రాసింది నేను. "మాష్టారు బస్తాలు మింగేశాడు" అని మా తోడల్లుడే పెళ్లి పందిట్లో పదిమంది ముందు అన్నాడు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషిని. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు. కార్డు నంబరు రాసుంటే ఆ మాట పడేవాణ్ణా?

ఛత్రపురం శ్రీను
కార్డు ఉంటే ప్రభుత్వమే ఇస్తుంది కదా మాష్టారూ. మనం కూడా వాళ్లకే ఇస్తే ఇక నిధెందుకు?

లెక్కల మాష్టారు
శ్రీను బాబూ, కార్డు లేనివాళ్లకీ ఇచ్చారు. 2020 మేలో కేంద్రం ప్రకటించింది. ఏ కార్డూ లేని వలస కూలీలకి మనిషికి 5 కిలోల ధాన్యం, ఇంటికి కిలో శనగలు, రెండు నెలలు. మరి ఆ ఆరు కుటుంబాలు వెళ్లి పేర్లు ఎందుకు రాయించుకోలేదు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

వనజ
నేను చెప్తాను మాష్టారూ, ఆ బస్తాలు మోసినదాన్ని నేను.

మూడు కుటుంబాలు ఇచ్ఛాపురం అవతల నుంచి కూలికి వచ్చిన మనవాళ్లే. వాళ్ల కార్డు శ్రీకాకుళం జిల్లాది, ఆ ఏప్రిల్‌లో ఇక్కడి డీలర్ దగ్గర పనికిరాలేదు. రెండు నేపాలీ వాచ్‌మన్ల కుటుంబాలు. ఆరోది బెంగాలీ కుటుంబం. మాల్కన్‌గిరి నుంచి వచ్చారు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లని 1958 తర్వాత దండకారణ్య ప్రాజెక్టు కింద అక్కడ దింపారు కదా, వాళ్ల సంతతి. తాతకిచ్చిన కాగితం ఏ అన్నదమ్ముడి దగ్గరుందో వీళ్లకి తెలీదు. పేరు రాయించుకోడానికి వెళ్తే ముందు "ఏ దేశం" అంటారని ఆ ఇంటి అమ్మాయి భయం. ఆమె వెళ్లలేదని మిగతా ఐదు కుటుంబాలూ వెళ్లలేదు. వెళ్తే ఆరో ఇల్లు ఎవరిదని అడుగుతారు కదా!

బియ్యం కొలిచింది ఆ అమ్మాయే. పాత డాల్డా డబ్బా ఒకటి ఉండేది. మనిషికో డబ్బా, పసిపిల్లలకి సగం. ఎవరింటికి ఎన్ని వెళ్లాయో గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఆరిళ్లకి ఆరు వరసలు. తన వరస ఎప్పుడూ ఒక గీత తక్కువే ఉండేది, నేను లెక్కపెట్టాను. నేపాలీ అతని దగ్గర ఉన్న ఒక్క ఫోన్‌తోనే అందరూ ఊళ్లకి మాట్లాడేవారు. శ్రీకాకుళం ఆడవాళ్లు అందరి పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి గంజి పోసేవారు.

తర్వాత ఏడాది టీకాకి కూడా అదే గొడవ. 7 రకాల గుర్తింపు కార్డుల్లో ఏదో ఒకటి కావాలన్నారు. 2021 మే 6న, ఏ కార్డూ లేనివాళ్లకి కూడా వెయ్యాలని కేంద్రం పద్ధతి రాసి పంపింది. ఆ కాగితం ప్రింట్ తీసుకుని ఆ అమ్మాయితో ఒక టీకా కేంద్రానికి వెళ్లాను. రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి వేశారు.

11 బస్తాలకీ గోడ మీద లెక్క ఉంది. మీరు ఒక్కసారి వచ్చి చూసుంటే బాగుండేది.

లెక్కల మాష్టారు
గోడ మీద గీత సంతకం కాదు తల్లీ.

రాయగడ కుమార్
పదిమంది డబ్బు అన్నాక రుజువు ఉండాల్సిందే. మాష్టారిది కరెక్టు.

రమణ, గోపాల్‌పూర్ రోడ్డు
రుజువు, రుజువు! న్యూయార్క్‌లో 2021లో ఇలాంటివాళ్ల కోసం 210 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. పని చేసినట్టు గట్టి రుజువుంటే 15,600 డాలర్లు, లేకపోతే 3,200. నగదు కూలికి రుజువు ఎవరిస్తారు? నేను చెప్పిన ఆ జ్వరం మనిషికి పాత యజమాని ఉత్తరం ఇవ్వలేదు. నాలుగేళ్లు గిన్నెలు తోమించుకుని, "నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడు. 3,200తో సరిపెట్టుకున్నాడు.

లెక్కల మాష్టారు
చూశావా, వాళ్లూ రుజువు అడిగారు కదా!

రమణ, గోపాల్‌పూర్ రోడ్డు
మాష్టారూ, మీ బాధ సంతకాలు కాదు. ఆ బెంగాలీ అమ్మాయికి బియ్యం వెళ్లడం మీకు ఇష్టం లేదు. ఆ మాట పైకి చెప్పండి, పుస్తకం అడ్డం పెట్టుకోకండి.

లెక్కల మాష్టారు
అవును, ఇష్టం లేదు. ఎందుకో విను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊరు అందులో కలిసింది. మా తాతగారు ఆ రోజూ అదే ఇంట్లో ఉన్నారు, మేమూ అదే ఇంట్లో ఉన్నాం. మా అబ్బాయి ఒడియా మీడియంలో చదివాడు, అయినా ఆఫీసులో "మీది ఆంధ్రా కదా" అంటారు. 2020 మేలో సూరత్ మగ్గాల నుంచి రైళ్లలో దిగిన గంజాం పిల్లల్ని, సొంత జిల్లా పిల్లల్ని, స్కూళ్లలో క్వారంటైన్‌లో ఉంచితే ఊళ్లోవాళ్లు ఆ దారినే నడవడం మానేశారు. అది కళ్లారా చూశాను. రేపెవరో ఫోటో తీసి "తెలుగువాళ్లు బంగ్లాదేశీలకి బియ్యం పెడుతున్నారు" అని పెడితే మనందర్నీ ఒకే గాటన కట్టేస్తారు. మన కాగితాలు కూడా మళ్లీ తియ్యమంటారు. నాకు భయం రమణా. ఈ వయసులో నేనెక్కడి వాణ్ణో రుజువు చేసుకోలేను.

నీకు ఆ భయం లేదు. దేశం కాని దేశంలో దొంగతనంగా ఉండేవాళ్ల మీద అంత ప్రేమ ఎందుకు నీకు?

రమణ, గోపాల్‌పూర్ రోడ్డు
ఆ జ్వరం మనిషి మా తమ్ముడు.

చదువుకోడానికి వెళ్లాడు. ఉద్యోగం చూపిస్తామన్న కన్సల్టెన్సీ డబ్బు తీసుకుని మోసం చేసింది. వీసా అయిపోయింది. ఇక్కడ అందరికీ "సాఫ్ట్‌వేర్" అని చెప్పాం. ఆ పదకొండు రోజులూ అమ్మకి కూడా చెప్పలేదు. దొంగ కాదు మాష్టారూ.

వనజ
రమణా, పైన వీధి పేరు తీసెయ్యి. ఎవరు చదువుతారో ఏటో.

అప్పారావు, పాతూరు
మా నాన్న 1964లో రంగూన్ నుంచి వచ్చారు. కొట్టు సర్కారు తీసేసుకుంది, దాచుకున్న 50, 100 నోట్లు చెల్లవన్నారు. కట్టుబట్టలతో ఇక్కడికి చేరితే పక్కింటి సాలెవాళ్లు రెండు నెలలు అన్నం పెట్టారు. ఏ కార్డు చూపించామని మొన్న అమ్మని అడిగాను. ఆకు వేశారు, తిన్నామంది.

లెక్కల మాష్టారు
రమణా, తమ్ముడంటే చిన్నోడేనా? తొమ్మిదిలో నా దగ్గర చదివినవాడు? లెక్క నోటితో చేసేసేవాడు, స్టెప్పులు రాయమంటే రాసేవాడు కాదు.

ఆ మాట అన్నందుకు బాధగా ఉంది. మీ అమ్మగారు పోయినప్పుడు రాలేదని వీధిలో నేనూ ఒక మాట అన్నాను, అది కూడా చెప్పాలి. భయం మాత్రం పోలేదు. నా ఓటు ఇప్పటికీ రూలుకే.

రమణ, గోపాల్‌పూర్ రోడ్డు
వాడే మాష్టారూ. ఏడాదికి మించి వీసా లేకుండా ఉండి బయటికొస్తే, మళ్లీ పదేళ్లు రానివ్వరు. వాడి పాప అక్కడే పుట్టింది. ఇక్కడ నేను కర్మ చేస్తుంటే వాడికి అర్ధరాత్రి. అయినా తలంటుకుని, ఫోన్ ముందు కూర్చుని, పంతులుగారు చెప్పిందల్లా అన్నాడు.

ఆదివారం మీటింగ్‌కి పుస్తకం తీసుకురండి. ఆ 11 బస్తాల దగ్గర నేను సంతకం పెడతాను.