ఆసుపత్రికి మా కుక్కను తీసుకెళ్లాలంటే ఏ పరీక్షలు చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. చికిత్సలో ఉన్న పిల్లలకు కాస్త ఉత్సాహంగా ఉంటుందని, పిల్లల వార్డుకు మా నాలుగేళ్ల లాబ్రడార్ బంగారిని తీసుకురమ్మని ఒక ఆసుపత్రివాళ్లు అడిగారు. రేబీస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు, నులిపురుగుల మందు సమయానికే పడ్డాయి. గత 90 రోజుల్లో పచ్చి మాంసం తిన్న కుక్కను రోగుల దగ్గరికి తీసుకెళ్లకూడదని అమెరికా నిపుణుల 2015 నాటి సూచనల్లో చదివాను. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకుతుందని భయమట. నాన్నగారు పెట్టే పచ్చి కోడికాళ్లు ఆ రోజే మాన్పించాం. ఆర్కే బీచ్ నుంచి వచ్చాక వేళ్ల సందుల్లో తడి ఇసుక, ఒక్కోసారి చెవి వెనక పిడుదులు కనిపిస్తాయి. అదే నా టెన్షన్. ఆ పిల్లలకు అసలే రోగనిరోధక శక్తి తక్కువ. మలపరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలి? స్నానం ముందురోజు చేయిస్తే చాలా? ఇక్కడ ఇలాంటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసిచ్చే పశువైద్యులు ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి.