కథలా చదివించే చరిత్ర పుస్తకాలు: దేనిని ఎంతవరకు నమ్మవచ్చు?

సాయంకాలపు చదువరి
పదో తరగతితో వదిలేసిన చరిత్రను నలభై ఏళ్ళు దాటాక మళ్ళీ చేతికి తీసుకున్నాను. సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకాలే చదువుతున్నాను. చాలావరకు ఆనందంగా సాగింది. అయితే కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడి అంత్యకాలం దగ్గర ఆగిపోయాను. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఢిల్లీకి బందీగా తీసుకువెళ్తుండగా ఆయన నర్మదా తీరంలో మరణించాడని ఒక పుస్తకం చెబితే, ఢిల్లీ చేరి సుల్తాను మన్ననలు పొంది కాశీ మీదుగా ఓరుగల్లు తిరిగివచ్చాడని మరొకటి చెప్పింది. రెండూ ఒకే ధీమాతో చెప్పాయి; ఆ సంగతి ఎక్కడ దొరికిందో రెండూ చెప్పలేదు. ఇటువంటప్పుడు మీరు ఏం చేస్తారో, ఏ పుస్తకాలు మీకు నమ్మకం కలిగించాయో తెలుసుకోవాలని ఉంది.

ఓరుగల్లు వాసి
మొదటి కథనానికి ఆధారం, కాకతీయుల తరువాత తెలుగు నేలను ఏలిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. కాకతీయ రాజ్యం కూలిన కొద్దికాలానికే, ఆ విధ్వంసాన్ని కళ్ళారా చూసిన తరం వేయించిన శాసనం అది. రెండోది ప్రతాపరుద్ర చరిత్రము అనే తెలుగు వచన గ్రంథంలోని కథ. దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత రాసినది. ఏం జరిగిందనే ప్రశ్నకు నేను శాసనం మాటనే తీసుకుంటాను. అలాగని రెండోదాన్ని అబద్ధమని పక్కన పడేయడానికి మనసు ఒప్పదు. విజయనగర కాలంలో తెలుగు యోధ కుటుంబాలు తమ వంశగౌరవాన్ని ప్రతాపరుద్రుడి కొలువు నుంచి లెక్కించుకునేవి కనుక, వాళ్ళ జ్ఞాపకంలో ఆ రాజు అవమానంతో దారిలో చనిపోవడం కుదరలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే మీరు చదివిన పుస్తకాలు ఇంకా ఆసక్తిగా ఉండేవని నా అభిప్రాయం. కథ చెడిపోతుందన్న భయంతో రచయితలు ఆధారాన్ని దాచేస్తుంటారు, కానీ అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

తరగతి గది
రుద్రమదేవి విషయంలోనూ ఇదే జరిగింది. కాకతీయుల రేవుపట్టణం మోటుపల్లి పేరుతో తాను పిలిచిన రాజ్యాన్ని భర్త మరణించిన రాణి పాలిస్తోందని మార్కోపోలో రాసిన మాటను పట్టుకుని, ఆమె గణపతిదేవుడి భార్య అని కొన్ని పాత పుస్తకాలు రాశాయి. ఆమె గణపతిదేవుడి కుమార్తె అని తేల్చినవి మన శాసనాలు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వల్ల 1289 నాటికి ఆమె మరణించిందని కూడా తెలిసింది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు యాత్రికుడి మాటను, రాతి మీది మాటను రెండింటినీ బోర్డు మీద రాసి, దేనిని నమ్మాలో వాళ్ళనే అడుగుతాను. ఆ రోజు తరగతిలో ఎవరికీ నిద్ర రాదు.

పాత పుస్తకాల అలమర
నన్ను చరిత్రలోకి లాగిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడింది, 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది. రాజుల దండయాత్రలతో విసిగిన నాకు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ నమ్మకాలతో బతికారు అనేదే చరిత్రగా చూపించిన మొదటి రచయిత ఆయన. క్రీడాభిరామం ఆధారంగా ఓరుగల్లు వీధులను చూపే భాగాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఆ కావ్యంలోని పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు వడ్డిస్తారు.

అంత ప్రేమించిన పుస్తకం కనుకనే ఒక సందేహం కూడా చెబుతాను. క్రీడాభిరామం కాకతీయ రాజ్యం కూలిన తరువాత వచ్చిన కావ్యం. అందులో కనిపించే నగరం అచ్చంగా కాకతీయుల నాటిదా, కవి తన కాలపు వీధులను దానిలో కలిపాడా అని పాఠకుడు అడుగుతూ చదవాలి. అయితే సురవరం గారు ఏ కావ్యం నుంచి ఏ సంగతి తీసుకున్నారో పద్యంతో సహా చెబుతారు. ఈ ప్రశ్న వేసే వీలు ఆయన పుస్తకమే నాకు ఇచ్చింది.

కృష్ణాతీరం
మా అమ్మమ్మగారి ఊరు, పాత వజ్రాల గనులున్న కొల్లూరుకు దగ్గర. కోహినూరు మన గనిలో పుట్టిందని, కాకతీయుల కాలంలో అమ్మవారి కంటిలో మెరిసిందని వింటూ పెరిగాను. విలియం డాల్రింపుల్, అనితా ఆనంద్ కలిసి రాసిన కోహినూరు పుస్తకం చదివినప్పుడు మొదట బాధ కలిగింది. నాదిర్షా 1739లో ఢిల్లీ నుంచి తీసుకుపోయిన నెమలి సింహాసనం మీద ఈ వజ్రం ఉందని మార్వీ అనే పారశీక చరిత్రకారుడు రాసిన దానికి ముందు, ఖచ్చితంగా కోహినూరే అని చెప్పగల ఆధారం లేదని ఆ పుస్తకం వాదిస్తుంది. మనం వినే పూర్వకథలో చాలా భాగం 1849లో వజ్రం ఆంగ్లేయుల చేతికి చిక్కాక, ఢిల్లీలో పోగుచేసిన కబుర్లతో తయారైన నివేదిక నుంచి వచ్చిందట.

రెండోసారి చదివినప్పుడు బాధ తగ్గింది. కోహినూరు పుట్టుక తేలకపోయినంత మాత్రాన కొల్లూరు చిన్నది కాదు. పదిహేడో శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గనుల్లో అరవై వేల మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు పని చేస్తున్నారని రాశాడు. ఆ అరవై వేల మంది గురించి చెప్పే పుస్తకం మన భాషలో నాకు ఇంతవరకు కనబడలేదు. గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. ఒక రాయి ఎవరిదనే తగవు మీద వచ్చినంత రాత, ఆ రాళ్ళను తవ్విన మనుషుల మీద ఎందుకు రాలేదని నాకు నిజంగా దిగులు.

ఓరుగల్లు వాసి
కృష్ణాతీరం గారూ, మీ మాటతో ఏకీభవిస్తున్నాను. ఇక ఆధారాన్ని దాచని పుస్తకాల మాటకొస్తే, రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగరం మీద రాసిన పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. ఆయన తీర్పులు కొన్ని ఇప్పుడు నిలవవు, కానీ పేస్, నూనిజ్ అనే పోర్చుగీసువారి కథనాలను అనువదించి పుస్తకం వెనుక పూర్తిగా అచ్చు వేశారు. సీవెల్‌తో విభేదించాలన్నా ఆయన ఇచ్చిన ఆ పేజీలే తెరవాలి.

సాయంకాలపు చదువరి
అందరికీ కృతజ్ఞతలు. సురవరం గారి పుస్తకం ఈ వారం తెచ్చుకున్నాను. పూటకూళ్ళ భోజనం భాగాన్ని మా అమ్మకు చదివి వినిపిస్తే, మళ్ళీ చదవమని అడిగి, ఆ రూకకు అప్పట్లో ఒక కూలివాడు ఎన్ని రోజులు పని చేయాలో కూడా రాశారా అని అడిగింది. ఆ లెక్క ఏ శాసనంలోనైనా మీకు కనిపిస్తే ఇక్కడ రాయగలరు.