అప్‌డేట్: మారతహళ్లి కాలువ, గృహలక్ష్మి డబ్బుల సంగతి

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి కాలువ గురించి ఎవరిని అడగాలి, మా ఇంట్లో పనిచేసే అక్కకు గృహలక్ష్మి డబ్బులు (కర్ణాటక ప్రభుత్వం ఇంటి పెద్దగా ఉన్న మహిళలకు నెలనెలా ఇచ్చేవి) ఎందుకు రావట్లేదు అని ఇక్కడ అడిగాను కదా. రెండో దానికి దారి దొరికింది.

నెలనెలా రెండు వేలు పడుతూనే ఉన్నాయి, కాకపోతే ఆవిడ మర్చిపోయిన పాత ఖాతాలో! ఈ డబ్బు మనం ఇచ్చిన ఖాతా నంబర్‌కి కాదు, ఆధార్‌తో చివరగా లింక్ అయిన ఖాతాకి వెళ్తుంది. బ్యాంకుకు వెళ్లి లింక్ మార్పించాం. ఎవరికైనా ఆగిపోతే ముందు ఇది చూసుకోండి, ఆఫీసుల చుట్టూ తర్వాత తిరగొచ్చు.

కాలువ మాత్రం అలాగే ఉంది. 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) పోయి ఐదు కార్పొరేషన్లయ్యాయి, మాది తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చింది. 2020 నుంచి కార్పొరేటర్లే లేరు, ఇక వార్డు కమిటీలో మన మాట ఎవరు మోస్తారు? అపార్ట్‌మెంట్ల వాళ్లకి సంఘం ఉంది, మా అద్దె ఇళ్ల వీధికి ఏదీ లేదు. అందుకే వీధి వాళ్లందరి సంతకాలతో, ఫొటోలు జతచేసి వార్డు ఇంజనీరుకి అర్జీ ఇచ్చాం. కన్నడలో రాసిపెట్టిన కిరాణా అన్నకి థాంక్స్.