సమస్యాపూరణం: "పిల్లి నోటఁ బడెను పెద్దపులియె!"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. సందర్భం: 1801 మే 6, బార్సిలోనా తీరం. బ్రిటిష్ నౌకాదళపు థామస్ కాక్రేన్ నడిపిన చిన్న యుద్ధనౌక ‘స్పీడీ’లో 14 చిన్న ఫిరంగులు, 54 మంది. ఎదుట స్పెయిన్ ఫ్రిగేటు (పెద్ద యుద్ధనౌక) ‘గామో’, 32 ఫిరంగులు, 319 మంది. ధైర్యంతో గెలిచాడని తేల్చేస్తే ఒప్పుకోం. ఎలా గెలిచాడో పద్యంలో కనబడాలి. (పాల్గొన్నవారివి కలంపేర్లు.)

తెరచాప గారి పూరణ

కోటుజేబులోన నింపిన గుండ్లతో
మూడు మూడు కూరి మోగఁ జేసె
నేత మొదటఁ గూలె నిలువున నోడపై
పిల్లి నోటఁ బడెను పెద్దపులియె!

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) తప్పింది. ‘కో’కు ‘నిం’ మైత్రి లేదు. ‘కోటుజేబులోనఁ గూర్చిన గుండ్లతో’ అంటే సరిపోతుంది. ఒక పక్క ఫిరంగుల గుండ్లన్నీ జేబుల్లో వేసుకుని తిరిగానని చెప్పింది కాక్రేనే. ఏడు ఫిరంగులు, ఒక్కో గుండు నాలుగు పౌండ్లు, మొత్తం 28. కానీ మీరు మూడేసి కూరారు కదండీ! 21 గుండ్లు, 84 పౌండ్లు. జేబు చిరుగుతుంది.

లంగరు: మూడేసి కూరడం మాత్రం నిజం. అయితే అసలు కిటుకు పద్యంలోకి రాలేదు. స్పీడీ ఆనుకుని నిలిచేసరికి గామో ఫిరంగుల మూతి అంత కిందికి వంగలేదు, గుండ్లు నెత్తిమీదుగా పోయాయి. స్పీడీ ఫిరంగులకు ముందే మూతి పైకెత్తి ఉంచారు, అవి కిందినుంచి డెక్కును చీల్చాయి. గామో కెప్టెన్ మొదటి దెబ్బకే పోయాడు. స్పీడీ తెరచాపల అడ్డకొయ్యలు గామో తాళ్లలో చిక్కుకోవడంతో గామో దూరం జరగలేకపోయింది కూడా.

చుక్కాని గారి పూరణ

అమెరికాది జెండ ఆమీద నెగురంగ
తికమకపడి గామొ తెల్లబోయె
అసలు రంగు చూపి యాంగ్ల కెప్టెను దూకె
పిల్లి నోటఁ బడెను పెద్దపులియె!

నిర్వాహకుడు: ‘జెండ ఆమీద’ విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ‘అమెరికా పతాక మామీద నెగురంగ’ అనండి, స్వరయతి (అచ్చుల పొత్తు) కూడా కుదురుతుంది. ‘అసలు రంగు’ బాగా పడింది, జెండాను నావికులు రంగులనే అంటారు. దొంగజెండాతో దగ్గరికి రావచ్చు, పేల్చేముందు సొంతది ఎత్తాలన్నది అప్పటి కట్టుబాటు. కాక్రేన్ దాన్ని పాటించాడు. అంతకుముందు ఒక స్పెయిన్ ఫ్రిగేటును డేనిష్ జెండా, ఓడలో ప్లేగు ఉందన్న సాకు చూపించి తరిమాడు. అది ఇంకో పద్యానికి వస్తువు.

లంగరు: కాక్రేన్ స్కాట్లాండువాడు, హోదాకు అప్పటికి కమాండరే, కెప్టెనుకు కింది మెట్టు. ‘యాంగ్ల కెప్టెను’ యతికోసం సర్దుకున్నట్టుంది.

ఆటుపోటు గారి పూరణ

వైద్యుఁ డొకఁడె నిలిచెఁ బట్టి చుక్కానిని
మొగము నల్లఁ జేసి మూక దూకె
కేతనమ్ము దింపఁ గీడెంచి లొంగిరి
పిల్లి నోటఁ బడెను పెద్దపులియె!

నిర్వాహకుడు: నాకు నచ్చింది ఇదే. ‘మొగము నల్లఁ జేసి’ అంటే మాత్రం సిగ్గుపడ్డారనే అర్థం స్ఫురిస్తుంది. ‘మసిని పులుముకొనుచు మంది దూకె’ అంటే మేలు. అందరూ గామో మీదికి దూకగా స్పీడీ వైద్యుడు డాక్టర్ గత్రీ ఒక్కడే చుక్కాని దగ్గర మిగిలాడు. అయినా కాక్రేన్ అతన్ని కేకేసి ఇంకో యాభైమందిని పంపమన్నాడు! లేని సైన్యం అది. ఈలోగా ఒకణ్ణి పంపి స్పెయిన్ జెండా దింపించాడు. అధికారులే లొంగిపోయారనుకుని స్పెయిన్‌వాళ్లు ఆయుధాలు వదిలేశారు. ‘కీడెంచి’ అక్కడ కుదిరింది.

లంగరు: లొంగినవాళ్లు గెలిచినవాళ్లకంటే ఎన్నో రెట్లు. వాళ్లను అడుగు అరలోకి తోసి, గామో ఫిరంగులనే అటు తిప్పి మినోర్కా దీవిలోని మహోన్ రేవుదాకా కాపలా కాశారు. స్పీడీలో పోయింది ముగ్గురే.

నిర్వాహకుడు: జులైలో అదే స్పీడీని ఫ్రెంచి నౌకాదళాధిపతి లినోయి దళం పట్టుకుంది. ఆ లినోయే 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం వచ్చి, తీరం దగ్గర మెరక నీళ్లలో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక ‘సెంచూరియన్’ మీద పడ్డాడు. దాన్ని చేజిక్కించుకోలేక వెనుదిరిగాడు. వచ్చే సమస్య అక్కడిదే: ‘ఇసుక కోట గెలిచె నినుపకోట.’