అప్‌డేట్: చిన్న సర్వైవల్ కిట్‌లోకి ఏ తాడు? చివరికి తేలింది

సర్వైవల్ కిట్ (అడవిలో ఆపదకు పనికొచ్చే సామాన్లు) కోసం పెట్టుకున్న, అరచేతిలో పట్టే డబ్బాలో పారాకార్డ్ (పారాచూట్లకు వాడే రకం నైలాన్ తాడు) పెడితే ఇంకేమీ పట్టడం లేదు, సన్నటి గట్టి తాడు ఏదైనా చెప్పండి అని ఇంతకుముందు అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది తారు పట్టించిన నైలాన్ బ్యాంక్ లైన్ (చేపలు పట్టడానికి వాడే సన్న తాడు). మందం సుమారు 2 మి.మీ. ఉంటుంది. అదే 4 మి.మీ. మందం పారాకార్డ్ మూడు మీటర్లు పట్టే చోట ఇది పది మీటర్లు పట్టింది. రెండు రాత్రులు దీంతోనే టార్ప్ (పైన కప్పులా కట్టే పట్టా) కట్టి పడుకున్నాను, ఒక రాత్రి వాన కూడా. తెల్లారేసరికి తాడు కొంచెం సాగింది (నైలాన్ కదా, తడిస్తే అంతే), ముడులు మాత్రం కదల్లేదు. చేతులకు అంటుకునే ఆ తారు వాసన భరించాల్సిందే.

కొందరు చెప్పిన డైనీమా (గట్టి ప్లాస్టిక్ పోగుల తాడు) కూడా చూశాను. బలం చాలా ఎక్కువ, నీరు పీల్చదు. కానీ మరీ నున్నన, నాకొచ్చిన ముడులన్నీ జారిపోయాయి. పైగా 145 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మంట మీద గిన్నె వేలాడదీయడానికి పనికిరాదు. ముడులు బాగా వచ్చినవాళ్లకు అదే మేలేమో.

తాడు పారాకార్డ్‌లా 250 కిలోల బరువు ఆపాలేమో అని నేను టెన్షన్ పడ్డాను, అంత బలం అసలు అవసరమే పడలేదు. టార్ప్‌కీ, కర్రలు బిగించడానికీ అంత బరువెక్కడ పడుతుంది? మనిషి వేలాడే పనికైతే వీటిలో ఏదీ వాడకూడదు.

పారాకార్డ్ వదిలేస్తే, విడిగా తీసి వాడుకునే దాని లోపలి ఏడు పోగులు పోతాయే అనుకున్నాను. బ్యాంక్ లైన్ మెలి విప్పినా మూడు సన్న పోగులొస్తాయి. అందుకే మెలి తిప్పిన రకమే తీసుకోండి, అల్లిన రకం అలా విడిపోదు.